వెనిస్ మేయర్ గారికి ఒక్కరోజు చుట్టాల విన్నపం

మహారాజశ్రీ వెనిస్ నగర మేయర్ గారి సముఖానికి,

విషయం: ఒక తెలుగు దంపతులు తమరి ఊళ్లో ఒక శనివారం గడపడం, ఆ మీదట ఒక రాతి ఫలకం కోరడం గురించి.

అయ్యా,

అర్జీదారులు ఇద్దరు. ఆయన గోదావరి కాలువల మీద ఉద్యోగమంతా గడిపి రిటైరైన ఇంజినీరు. ఆవిడ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన టీచరమ్మ. బొలోన్యాలో చదువుకుంటున్న కూతుర్ని చూడ్డానికి ఇటలీ వచ్చి, 2025 మే నెలలో ఒక శనివారం పొద్దున్నే రైలెక్కి తమరి ఊళ్లో దిగారు. సంతకాలు పెట్టడానికి ఇద్దరూ సిద్ధమే గానీ, రాసే బాధ్యత మాత్రం ఈ పత్రికకు అప్పజెప్పారు.

ముందుగా టిక్కెట్టు సంగతి. సినిమాకి, సర్కస్‌కి టిక్కెట్టు కొన్నారు గానీ ఒక ఊరికి కొనడం ఈ దంపతులకు ఇదే మొదలు. రాత్రి బస చెయ్యకుండా వచ్చిపోయేవాళ్ల మీద తమరు 2024 ఏప్రిల్ 25న ఈ రుసుము మొదలుపెట్టారు. ఆ ఏడాది ఎంపిక చేసిన 29 రోజులు, మనిషికి 5 యూరోలు. దాని మీద 24 లక్షల యూరోలు వచ్చాయి. 2025లో రోజులు 54 అయ్యాయి. నాలుగు రోజుల ముందే బుక్ చేసుకోని బద్ధకస్తులకు రేటు 10 యూరోలైంది. మనవాళ్లు ముందురోజు రాత్రి అన్నాలయ్యాక కూర్చుని బుక్ చేశారు కాబట్టి, ఇద్దరికీ కలిపి 20 యూరోలు, అంటే మన లెక్కలో రమారమి 1,900 రూపాయలు.

డబ్బు గురించి ఆయన గొణగలేదు. స్టేషన్ బయట ఫోన్లోని క్యూఆర్ కోడ్ చూపించాక ఆయనడిగిన ప్రశ్న వేరు. "గేటన్నాక ఎంత నీళ్లు వదలాలో ఒక లెక్కుంటుంది. ఈ గేటుకి లెక్కేదీ?" నిజమే కదండీ. రద్దీ తగ్గించడానికే ఈ రుసుమన్నారు. కానీ రోజుకి ఇంతమందే అన్న హద్దు అందులో లేదు. పదివేల మంది కట్టినా సరే, లక్షమంది కట్టినా సరే, రండి రండి అంటుంది. పైగా దాని డ్యూటీ పొద్దున 8.30 నుంచి సాయంత్రం 4 దాకానే. నాలుగు దాటాక వస్తే అంతా ఉచితం.

అక్కణ్ణించి ఒకటో నంబరు వేపొరెట్టో ఎక్కారు. తమ ఊళ్లో సిటీబస్సంటే ఈ పడవే. 75 నిమిషాల టిక్కెట్టు 9.50 యూరోలు. గ్రాండ్ కెనాల్‌కి రెండు పక్కలా పాలరాతి మేడలు సాగిపోతుంటే టీచరమ్మ వాటిని చూస్తోంది, ఆయన నీళ్ల మీద నడిచే సంసారాన్ని చూస్తున్నారు. ఒక పడవలో వాషింగ్ మెషిన్, ఇంకో దాంట్లో సిమెంటు బస్తాలు. చెత్త ఎత్తేదీ పడవే, అంబులెన్సూ పడవే. రేవు మెట్ల మీద పచ్చగా నాచు ఎంతవరకు పట్టిందో చూసి, పోటు ఎంత ఎత్తుకి వస్తుందో ఆయన అక్కడికక్కడే చెప్పేశారు.

కా దోరో రేవు దగ్గర దిగారు. గొండోలా ఎక్కుదామా అని ఆవిడ, ఎక్కకపోతే ఏమవుతుందని ఆయన. అరగంటకు 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 35 నిమిషాలకు 110. "నిమిషానికి మూడు యూరోలు" అని లెక్క తేల్చింది ఆవిడే. చివరికి పక్కనే సాంతా సోఫియా రేవులో ట్రగెట్టో దొరికింది. అదీ గొండోలా జాతిదే. మనిషికి 2 యూరోలు తీసుకుని అవతలి ఒడ్డున దింపుతుంది. పక్కన కట్టేసి ఉన్న గొండోలాని ఆయన ముందుకీ వెనక్కీ తిరిగి చూసి, "ఇది వంకరగా ఉందేమిటోయ్" అన్నారు. వంకరే. పదకొండు మీటర్ల పడవ. ఎడమవైపు కుడివైపు కంటే 24 సెంటీమీటర్లు వెడల్పు. నడిపేవాడు వెనక ఎడమపక్క నిలబడి కుడివైపునే తెడ్డు వేస్తాడు కాబట్టి, సమానంగా కడితే అది ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. నేరుగా వెళ్లడానికే ఆ వంకర. ఇంజినీరు గారు రేవు దిగేదాకా ఈ ఒక్క విషయమే మాట్లాడారు.

ఇక అసలు సంగతికి వద్దాం.

అవతలి ఒడ్డున రియాల్టో చేపల మార్కెట్టు. గోదావరి జిల్లా మనుషులకు చేపల బజారు కనిపిస్తే కాళ్లు వాటంతటవే ఆగుతాయి. అక్కడ గోడకి ఒక పాత రాతి ఫలకం ఉంది. ఏ చేప ఎంత పొడవుకి తగ్గితే అమ్మకూడదో దాని మీద వరసగా చెక్కారు. ఈల్ అయితే 25 సెంటీమీటర్లు. ఆల్చిప్పలకూ కొలతలున్నాయి. పిల్లచేపను ఇవాళ అమ్ముకుంటే రేపు బుట్టలోకి ఏం వస్తుందని పాతకాలపు అధికారులు ముందే ఆలోచించారన్నమాట. టీచరమ్మ ఆ ఫలకానికి ఫొటో తీసింది.

ఆ ఫొటో ఇంకా ఫోన్లో పైనే ఉండగా, రియాల్టో వంతెన దాటి సాన్ బర్తొలొమేయో కూడలికి వచ్చారు. అక్కడొక మందుల షాపు అద్దాల్లో ఒక అంకె కనిపిస్తుంది. పాత ఊళ్లో ఇంకా ఎంతమంది కాపురం ఉంటున్నారో చెప్పే అంకె. 2008 నుంచి అదలా తగ్గుతూనే ఉంది. 1951లో లక్షా డెబ్బై అయిదు వేల దాకా ఉన్న జనం 2022లో యాభై వేల కిందికి దిగారు. 2023లో టూరిస్టులకు వేసిన మంచాల సంఖ్య ఊళ్లోవాళ్ల సంఖ్యను దాటిపోయింది. చేపపిల్లల్ని కాపాడుకున్న ఊరు మనుషుల విషయంలో కొలబద్ద ఎక్కడ పారేసుకుందో ఈ దంపతులకు బోధపడలేదు.

రాయి మీద రాసుకోవడం మా వైపూ ఉందని మనవి. ఈ మాట ఊరికే అనడం లేదు, ఆ రాయి ఉన్న రేవుకి తమ ఊరి మనిషే సాక్షి. రియాల్టోకి నాలుగడుగుల దూరంలో కోర్తె డెల్ మిలియోన్ అనే చిన్న వాకిలుంది. మార్కో పోలో ఇంటివాళ్లు ఉన్నది అక్కడే. మోటుపల్లి రేవు గురించి, అక్కడి రాణి న్యాయంగా పాలించడం గురించి, సాలెగూడంత పల్చటి బట్టల గురించి, వజ్రాల గురించి ఆయన తన పుస్తకంలో చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి అని మా చరిత్రకారుల మాట. టీచరమ్మ ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన పాఠమిది. ఆ వాకిట్లో నిలబడి ఇంజినీరు గారికి మళ్లీ మొదటినుంచీ చెప్పింది. తప్పించుకోవడానికి ఆయనకు దారి లేదు, ఆ సందు అంత ఇరుకు.

రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. ఇకపై అలా జరగదు, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోం అని పరదేశీ వర్తకులకు భరోసా ఇచ్చాడు. ఎంత పుచ్చుకుంటారో, బదులుగా ఏమిస్తారో రెండూ ఒకే రాతి మీద ఉన్నాయి. తమ క్యూఆర్ కోడ్‌లో మొదటిది మాత్రమే ఉంది.

సాన్ మార్కో చౌకులో ఈ దంపతులకు కాలు నొప్పి తప్ప కొత్తగా చెప్పుకోవలసింది లేదు. చర్చి ఎదుట క్యూ. ఎదురుగా 1902 జూలై 14న కుప్పకూలి 1912లో మళ్లీ అచ్చం అలాగే లేచిన గంటగోపురం. రేవు వైపు రెండు స్తంభాలు, ఒకదాని మీద రెక్కల సింహం. మెట్ల మీద కూర్చుంటే జరిమానా. చౌకులో కూర్చుని డబ్బా విప్పినా జరిమానా. పావురాలకు గింజలు వేస్తే అదీ జరిమానాయే. కుర్చీలున్నది కాఫీ హోటళ్లకే. ఒక చోట కూర్చున్నాక తెలిసింది, కాఫీకి ఒక రేటు, వినిపిస్తున్న బ్యాండుకి మరో రేటు అని. "చెవులు మూసుకుంటే తగ్గిస్తారేమో అడగండి" అంది ఆవిడ.

పులిహోర డబ్బా విప్పింది మాత్రం సాన్ జాకొమో దల్ ఒరియో కూడలిలో. స్టేషన్‌కి తిరిగొచ్చే దారిలో తగిలింది. చెట్ల నీడ, ఎర్ర బెంచీలు. ఒక ముసలాయన కుక్కతో కూర్చున్నాడు. పిల్లలు చర్చి గోడకేసి బంతి తంతున్నారు. సామాను తోసుకుపోతున్న మనిషి దారికోసం కేకేస్తే ఆట ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. ఆ తోపుడుబండికి ముందువైపు రెండు చిన్న చక్రాలుంటాయి, వంతెన మెట్లెక్కడానికి. ఆయన పులిహోర పక్కన పెట్టి వెళ్లి వాటిని వంగి చూసొచ్చారు. ఆ రోజంతటిలో టూరిస్టు కానివాళ్లు నలుగురు ఒకచోట కనిపించింది అక్కడే.

కాబట్టి తమరికి విన్నవించుకునేదేమంటే:

ఒకటి. పాత ఊరు ఒక్కరోజులో ఎంతమంది ఒక్కరోజు చుట్టాలను మోయగలదో ఆ అంకె తేల్చి చెప్పండి. ఆ అంకెకు ఇవతలే గేటు మూయండి. మనవాళ్లు బయట పడిపోతే ఇంకో రోజు వస్తారు. ఆయన గారు గేట్ల మనిషి, ఏమీ అనుకోరు.

రెండు. వచ్చిన రుసుములో ఎంత సొమ్ము ఊళ్లోవాళ్లు ఇక్కడే కాపురం ఉండేందుకు ఖర్చవుతుందో ఏడాదికోసారి చూపించండి. సముద్రపు పోటుని ఆపడానికి లగూన్ ముఖద్వారాల దగ్గర 78 గేట్లతో 'మోసే' అనే అడ్డుకట్ట కట్టుకున్నారు, 2020 అక్టోబరు 3న నిజమైన పోటుకి మొదటిసారి లేపారు, పోటు 110 సెంటీమీటర్లు దాటేలా ఉందంటే లేపుతున్నారు. నీళ్లు లోపలికి రాకుండా అంత పని చేసినవాళ్లు, జనం బయటికి పోకుండా ఆమాత్రం చెయ్యలేరా?

మూడు. పై రెండూ రాతి మీద చెక్కించి, చేపల ఫలకం పక్కన పెట్టించండి. ఫోన్లో చూపించే కోడ్ మరుసటి వారానికి పనికిరాదు.

నాలుగు. బెంచీలు.

ఇట్లు,
తమ విధేయులు,
టిక్కెట్టు కొన్న ఒక దంపతులు

ప్రతులు:
1. మందుల షాపు అద్దాల వెనక అంకె మార్చే వారికి, తగు చర్య నిమిత్తం.
2. స్తంభం మీది సింహం గారికి, సమాచారం నిమిత్తం. ఆయన ఒంటి కంచు చైనాలోని యాంగ్జీ నది దిగువ గనులదని పాదోవా పరిశోధకులు 2024లో చెప్పారు కనుక, బయటినుంచి వచ్చి ఊళ్లో స్థిరపడటం ఎలాగో వారిని సంప్రదించగలరు.