బాంబు కన్నా ఘాటు ఉల్లిపాయ

ఎన్నికలు దగ్గరపడితే మన నాయకులకు పూనకం వచ్చినట్టు యుద్ధం వస్తుంది. మామూలు రోజుల్లో ఏసీ కారు దిగి నాలుగడుగులేస్తే ఆయాసపడే పెద్దమనిషి, వేదిక ఎక్కగానే ఒక చేత్తో వెండి గద, ఇంకో చేత్తో విల్లు పట్టుకుని నిలబడతాడు. గద ఎవరి మీద ఎత్తాడో ఆయనకే తెలియదు. ఇచ్చిన మండల అధ్యక్షుడు మాత్రం ఫొటోలో తాను కూడా పడేదాకా దాన్ని దించనివ్వడు. పైన క్రేను కొక్కేనికి గజమాల వేలాడుతుంటుంది. సభేమో శంఖారావం, ఆఫీసేమో వార్ రూమ్, బస్సేమో రథం. 2024లో ఒక పార్టీ ఆంధ్రప్రదేశ్ అంతటా ‘సిద్ధం’ అని హోర్డింగులు కట్టింది. దేనికి సిద్ధమో ఫలితాలొచ్చాక గానీ తెలియలేదు. 175లో 151 సీట్లున్న పార్టీకి 11 మిగిలాయి.

రథం సంగతికొస్తే, 2022 డిసెంబరులో జనసేన నాయకుడు పవన్ కల్యాణ్ తన ప్రచార వాహనం ‘వారాహి’ని బయటికి తీశారు. చూడగానే మిలటరీ బండి. ప్రత్యర్థులు వెంటనే చట్టం పుస్తకం తిరగేశారు. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఇంకెవరికీ వేయకూడదన్నారు. నిజమే, నిబంధన అలాగే ఉంది. తెలంగాణ రవాణా శాఖ మాత్రం అది ఆలివ్ గ్రీన్ కాదు, ఎమరాల్డ్ గ్రీన్ అని తేల్చి రిజిస్ట్రేషన్ ఇచ్చేసింది. ఆకుపచ్చల్లో ఇన్ని రకాలున్నాయని ఆ వారమే చాలామందికి తెలిసింది. ఆ బండి తిరగాల్సిన రోడ్ల మీది గుంతల గురించి ఇంత నిశితంగా ఎవరూ వాదించుకున్నట్టు లేదు.

ఇదంతా ఉత్తుత్తి యుద్ధం. పూల ఖర్చు, డీజిల్ ఖర్చు తప్ప నష్టం లేదు. చూడాల్సింది నిజం యుద్ధం ఎన్నికల పక్కన వచ్చి కూర్చున్నప్పుడు. సరిహద్దులో తుపాకీ పేలితే ఇక్కడ ఓట్లు రాలతాయని అన్ని పార్టీల్లోనూ ఒక గట్టి నమ్మకం. ఈ నమ్మకం పూర్తిగా మూఢనమ్మకమూ కాదు, అదే వచ్చిన చిక్కు. 1961 డిసెంబరులో సైన్యం గోవాను విడిపించింది. రెండు నెలలు తిరిగేసరికి రక్షణ మంత్రి కృష్ణ మీనన్ ఉత్తర బొంబాయిలో ఆచార్య కృపలానీని చిత్తుగా ఓడించారు. 1962 అక్టోబరులో చైనా దిగింది. నవంబరుకల్లా మీనన్‌కు పదవి లేదు. ఓటరు ఇచ్చిన వీరతాడు ఏడాది కూడా మెడలో నిలవలేదు.

మన తెలుగు నేల మీద దీనికంటే రుచికరమైన కథ ఉంది. 1971 డిసెంబరులో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. 1972 మార్చిలో అసెంబ్లీ ఎన్నికలు. ఆ ఊపులో ఆంధ్రప్రదేశ్‌లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా కాంగ్రెస్ 287 సీట్లలో 219 గెలుచుకుంది. అంత మెజారిటీ ఉంటే ఐదేళ్లు కాళ్లు బారజాపుకుని కూర్చోవచ్చు కదా. అక్టోబరులో, తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకేననే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది. కోస్తా, రాయలసీమ జై ఆంధ్ర అంటూ భగ్గుమన్నాయి. 1973 జనవరికి పీవీ రాజీనామా, రాష్ట్రపతి పాలన. ఇంకో దేశాన్ని పుట్టించిన విజయం, ఇక్కడ గుమాస్తా ఉద్యోగాలు ఎవరికన్న తగాదా దగ్గర పది నెలలకే కూలబడింది. ఓడించినవాళ్లు ఇస్లామాబాద్ నుంచి రాలేదు, గుంటూరు నుంచి వచ్చారు.

ఇక 1998. మే 11న, 13న పోఖ్రాన్ ఇసుకలో అణుపరీక్షలు. ప్రపంచం అదిరిపడింది, అమెరికా ఆంక్షలు పెట్టింది, ఇక్కడ మిఠాయిలు పంచుకున్నారు. వాజ్‌పేయీ ప్రభుత్వానికి ఇక తిరుగులేదని పండితులు రాసేశారు. ఆ వానాకాలం ఉల్లి పంట దెబ్బతింది. ఢిల్లీలో కిలో 40, 50 అంటూ ఎక్కి కూర్చుంది. అక్టోబరులో బీజేపీ కంగారుపడి ఢిల్లీ ముఖ్యమంత్రినే మార్చి సుష్మా స్వరాజ్‌ను తెచ్చింది. ముఖ్యమంత్రి మారారు గానీ ఉల్లి మారలేదు. నవంబరు ఎన్నికల్లో ఢిల్లీ 70 సీట్లలో బీజేపీకి 15 వచ్చాయి. రాజస్థాన్ ఫలితం ఇంకా చూడాలి: బాంబు పేలిన రాష్ట్రం, పేల్చిన పార్టీకి 200లో ఇచ్చినవి 33. అణుశక్తి గల దేశంలో కూరలోకి ఉల్లి లేకపోతే ఆ శక్తిని దేంతో తాలింపు పెట్టాలో ఢిల్లీ ఇల్లాలికి ఎవరూ చెప్పలేదు. ఉల్లి చేసిన మేలు తల్లి చేయదని మనవాళ్లు ఊరికే అనలేదు. ఉల్లి చేసే కీడు శత్రుదేశం కూడా చేయలేదని ఆ ఏడాది తెలిసింది.

మరుసటి ఏడాది నిజంగానే యుద్ధం వచ్చింది. 1999 ఏప్రిల్‌లో ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. ఆపద్ధర్మ ప్రభుత్వం కార్గిల్‌లో పోరాడి గెలిచింది. టీవీలో జనం తొలిసారి చూసిన మన దేశ యుద్ధం అది, కన్నీళ్లు పెట్టని ఇల్లు లేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎన్నికలు. యుద్ధానికి ముందు బీజేపీకి సీట్లు 182. యుద్ధం గెలిచాక, లెక్కపెట్టి చూసుకుంటే, 182. ప్రభుత్వం నిలబడింది మిత్రుల బలం మీద. వాళ్లలో అందరికంటే పెద్ద మిత్రుడు 29 సీట్లు పట్టుకెళ్లిన మన తెలుగుదేశం. ఉత్తరప్రదేశ్‌లో అయితే 57 ఉన్నవి 29కి దిగాయి. జవాను గెలిచిన శిఖరాన్ని ఓటరు తన నియోజకవర్గంలో కలిపి లెక్కపెట్టలేదన్నమాట. సెల్యూట్ దారి సెల్యూట్‌ది, ఓటు దారి ఓటుది.

ఇది మన దగ్గరి జబ్బేమో అనుకుంటే పొరపాటు. హిట్లర్‌ను ఓడించిన చర్చిల్ కన్నా పెద్ద వీరుడు ఇంగ్లండులో ఎవరుంటారు? 1945 మేలో ఐరోపాలో యుద్ధం ముగిసింది, జూలై 5న పోలింగ్. విదేశాల్లో ఉన్న సైనికుల ఓట్లు రావాలని లెక్కింపు మూడు వారాలు ఆపారు. ఈలోగా ఆయన పాట్స్‌డామ్‌లో ట్రూమన్, స్టాలిన్‌లతో ప్రపంచాన్ని పంచుకునే పనిలో ఉన్నారు. ఫలితాల కోసం లండన్ వచ్చారు, తిరిగి వెళ్లలేదు. 393 సీట్లు గెలిచిన లేబర్ పార్టీ అట్లీ వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా ఉన్న స్టాలిన్‌కు ఇది వింతగానే తోచి ఉంటుంది. ఎన్నికల్లో ఓడిపోవడం ఎలాగో ఆయనకు జీవితంలో నేర్చుకునే అవకాశం రాలేదు. నాకు నచ్చే ముక్క వేరే ఉంది. సైనికుల ఓట్లలో ఎక్కువ భాగం లేబర్‌కే పడ్డాయని చరిత్రకారులు అంటారు. యుద్ధం చేసినవాడు ఇంటికెళ్లి ఇల్లు, ఉద్యోగం, ఆస్పత్రి కావాలనుకున్నాడు. వీరరసం యుద్ధం చేయనివాడికే ఎక్కువ అవసరం.

2019కి వద్దాం. ఫిబ్రవరి 26న పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన వైమానిక దాడులు. ఆ వెంటనే ఫ్లెక్సీల మీద నాయకుల మధ్య పాకిస్తాన్‌కు చిక్కి విడుదలైన వింగ్ కమాండర్ అభినందన్ మీసం మెలేస్తూ ప్రత్యక్షమయ్యారు. మార్చి 9న ఎన్నికల కమిషన్, ప్రచారంలో రక్షణ సిబ్బంది ఫొటోలు వాడొద్దని పార్టీలకు రాసింది. సరిగ్గా నెలకు, ఏప్రిల్ 9న, లాతూరు సభలో ప్రధాని తొలిసారి ఓటేసే యువతను ఆ ఓటు బాలాకోట్ వీరులకు అంకితమిస్తారా అని అడిగారు. ఫొటో కాదు కదా, మాటే కదా. తప్పేమీ లేదని కమిషన్ తేల్చింది. ఒక కమిషనర్ మాత్రం ఒప్పుకోలేదు. దేశం మీద ఆ గాలి బాగానే వీచింది, 303 సీట్లు వచ్చాయి.

లాతూరు సభ జరిగిన రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 11న, మన రెండు రాష్ట్రాల్లో పోలింగ్. ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభ ఓట్లలో బీజేపీకి ఒక శాతం కూడా రాలేదు, నోటాకు అంతకంటే ఎక్కువ పడ్డాయి. ఇక్కడి ఓటరుకు పాకిస్తాన్ మీద కోపం లేదని కాదు. ప్రత్యేక హోదా, పింఛను, రాజధాని, ఇలా ఆయనకు ఇంటి దగ్గరే బోలెడు తగాదాలున్నాయి, అంతే.

తెలంగాణలో బీజేపీ నాలుగు గెలిచింది. అందులో నిజామాబాద్ ఒకటి. అది బాలాకోట్ గెలుపనుకునేరు. అక్కడ పసుపుకు, ఎర్రజొన్నకు ధర లేదని రైతులే నామినేషన్లు వేశారు. బరిలో 185 మంది, వాళ్లలో 170 మందికి పైగా రైతులు. పోలింగ్ బూత్‌లో ఒక ఈవీఎం చాలక వరుసగా పేర్చాల్సి వచ్చింది. బీజేపీ అభ్యర్థి పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చి అప్పటి ముఖ్యమంత్రి కూతురిని ఓడించారు. దేశమంతా క్షిపణి గురించి మాట్లాడుకుంటుంటే ఒక జిల్లా పసుపు కొమ్ము పట్టుకుని కూర్చుంది. బోర్డు ప్రకటన రావడానికి నాలుగేళ్లు దాటింది, ప్రారంభం 2025 జనవరిలో జరిగింది. విమానాలు సరిహద్దు దాటి బాంబులేసి తిరిగి రావడానికి ఒక్క రాత్రి పట్టింది. బోర్డు ఢిల్లీ నుంచి నిజామాబాద్ రావడానికి దాదాపు ఆరేళ్లు.

కాబట్టి వార్ రూముల్లో పనిచేస్తున్న ఇంజినీరింగ్ కుర్రాళ్లకు ఒక మనవి. గోడకు సరిహద్దు మ్యాపు ఉంటే ఉండనివ్వండి, పక్కన కర్నూలు యార్డు ఉల్లి ధరల పట్టీ కూడా తగిలించండి. ఆ ధర పెరిగితే కొనేవాడు, పడిపోతే పండించేవాడు మీకు ఓటెయ్యరు. జవాను ఫొటో మాత్రం ఫ్లెక్సీ మీంచి దించండి. ఈ మాట ఎన్నికల కమిషన్ మొదట 2013 డిసెంబరులోనే చెప్పింది.