వైజాగ్‌ పోయినం, రేవు తప్ప అన్నీ చూసినం

సూర్యాపేటోళ్లకు ప్రయాణమంటే ఎదుటివాళ్లు చేసేది. హైదరాబాద్, విజయవాడ బస్సులు ఆగడం, జనం దిగి చాయ్ తాగి మూతులు తుడుచుకుని మళ్లీ ఎక్కడం, ఇదంతా చూస్తూ పెరిగిన ఊరది. అలాంటి ఊరికి కూడా ఎండాకాలం సెలవులొచ్చేసరికి ‘మనమెందుకు పోవద్దు?’ అనే రోషం పుడుతుంది. పుట్టినప్పుడల్లా వైజాగే.

రైలెక్కుదామంటే సూర్యాపేటకు స్టేషన్ లేదు, కోదాడకూ లేదు. 2016లో జిల్లా కేంద్రమయ్యాక సూర్యాపేటలో బోర్డులన్నీ మారాయి గానీ పట్టాలు మాత్రం పడలేదు. విశాఖ ఎక్స్‌ప్రెస్ ఆగేది మిర్యాలగూడలో. అందుకే ఇలాంటి యాత్రల్లో మిర్యాలగూడ చుట్టానికి ఎక్కడలేని పెద్దరికం వస్తుంది. “మా ఊరికొచ్చి ఎక్కుండ్రి బావా” అంటాడు, రైలేదో తన రైస్‌మిల్లులోంచే బయల్దేరుతున్నట్టు. చివరికి పిల్లలనూ పులిహోర గిన్నెలనూ సకినాల డబ్బాలనూ లెక్కేసుకుని టెంపో మాట్లాడతారు. రైలును తలా ఒక చోట ఆపమంటే ఆపరు గదా!

తమాషా అంతా దారిలోనే ఉంది. మన గడపల ముందు నుంచి పోయే 65వ నంబరు హైవే పుణెలో మొదలై బందరులో తేలుతుంది. గోల్కొండ సరుకంతా ఓడలెక్కింది ఆ బందరులోనే. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి కొట్టు తెరిచిందీ అక్కడే. రోడ్డు వదలకుండా పోతే చాలు, రేవు అదే వస్తుంది. కానీ బందరు పోదామని ఎవరన్నా అంటే, “ఆడేముంది, లడ్డే గదా! అది ఈడ గూడ దొరుకుతది” అంటారు. టెంపో విజయవాడలో ఎడమకు తిరుగుతుంది.

వైజాగ్‌లో రెండు రోజులు, పదకొండు ‘పాయింట్లు’. పొద్దున సింహాచలం. అప్పన్న నిజరూపం కనిపించేది ఏడాదికొక్క అక్షయ తృతీయ నాడే, మిగతా రోజులన్నీ చందనమే. మనవాళ్ల ఫొటోలకు ఆ ఒక్కరోజు మినహాయింపు కూడా లేదు, ఏడాది పొడుగునా ఫిల్టరే.

తర్వాత రామకృష్ణా బీచ్‌లో ఒడ్డుకెక్కించిన కుర్సురా జలాంతర్గామి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో కొలువు చేసింది. లోపల ఒక అరలోంచి ఇంకో అరలోకి పోవాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు, తర్వాత తల, ఆఖరున పొట్ట దూర్చాలి. కోదాడ బావ మూడో అంకంలో ఆగిపోయాడు. వెనక క్యూ మొత్తం ఆగింది. “ఊపిరి బయటికి వదులు పెదనాయనా” అని పిల్లలు, “పొద్దున ఆ ఆరో ఇడ్లీ వద్దంటే విన్నవా” అని అక్కయ్య. బయటపడి చెమట తుడుచుకుంటూ ఆయనన్న మాట మాత్రం నాకు నచ్చింది: “గీన్ల ముప్పై ఏండ్లు ఎట్ల చేసిన్రయ్యా కొలువు? నాకు ముప్పై నిమిషాలకే పానం పోయింది.”

కైలాసగిరి, రుషికొండ సంగతి చెప్పేదేమీ లేదు. సముద్రం ఉప్పగానే ఉందని అందరూ విడివిడిగా తేల్చుకున్నారు.

సాయంత్రం బీచ్‌లో నిలబడితే దూరాన నాలుగైదు ఓడలు కదలకుండా కనిపించాయి. “డీజిల్ అయిపోయినట్టుంది” అన్నాడు బావ. రేవులోకి పిలుపు కోసం అవి లంగరేసుకుని ఆగుతాయనీ, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న కాలువలోంచి లోపలికి పోతాయనీ, 1933లో తెరిచిన ఆ రేవు కట్టేటప్పుడు అలలకు అడ్డంగా రెండు పాత ఓడలను కావాలనే ముంచారనీ చెప్పాను. “అంటే రాస్తారోకోకు లారీలు అడ్డం పెట్టినట్టన్నమాట!” అన్నాడు మిర్యాలగూడ చుట్టం. ఆ వెంటనే ఆ రెండు రోజుల్లో ఎవరికీ తట్టని ప్రశ్న వేశాడు: “మరి బియ్యం ఏడ ఎక్కిస్తరు? ఒక్కసారి సూద్దాం పా.”

టెంపో డ్రైవర్ వాచీ చూసుకున్నాడు. “రేవు ప్యాకేజీలో లేదన్నా. షాపింగ్ ఉంది.”

షాపింగ్‌కు పోయాం. శంఖాలు కొన్నాం, వాటి మీద మా పేర్లు కూడా రాయించాం.

తిరుగు ప్రయాణంలో తుని దాటకముందే వచ్చే ఏడాది గోవా అని తీర్మానమైంది. రేవు లేని రాజ్యానికి రేవు కావాలని 1947లో నిజాం పోర్చుగీసువాళ్లతో గోవా కోసం మంతనాలు సాగించాడు, బేరం కుదరలేదు. మా బావ అంత ఆశపడడం లేదు. మూడు రాత్రులు, పొద్దున టిఫిన్‌తో కలిపి ఎంతకిస్తారని అప్పుడే ఫోన్‌లో అడుగుతున్నాడు.