ఎఫ్10 నొక్కే మొనగాడు

నాకు కంప్యూటర్లు వస్తాయని మా వీధిలో ఒక పుకారు ఉంది. పుట్టించింది నేనే, ఇన్నాళ్లూ పోషిస్తున్నదీ నేనే. ఆధారం అంటారా, కాజీపేట దారిలో నిట్ గేటు ముందు నుంచి ఏళ్ల తరబడి బండి మీద పోయి వస్తున్నవాణ్ణి. 1959లో నెహ్రూ పునాదిరాయి వేసినప్పుడు అది రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, 2002లో నిట్ అయింది. ఈ చరిత్రంతా గడగడా చెప్తుంటే వినేవాళ్లు నేనక్కడ చదివాననే అనుకుంటారు. చుట్టాలబ్బాయి ఏదో పరీక్ష రాస్తుంటే లోపలికి పోయిన మాట నిజమే. పార్కింగ్ దాకా.

హన్మకొండలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. చిన్న షాపుల వాళ్లకూ, ఎనుమాముల మార్కెట్లో కొందరు అడ్తిదారులకూ జీఎస్టీ రిటర్నులు వేసిపెడుతుంటాను. పాత కంప్యూటర్ మూలన పడ్డాక సికింద్రాబాద్ పోయి, కంపెనీలు వాడి తీసేసిన ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి తెచ్చాను.

"సెకండ్ హ్యాండా?" అంది మా ఆవిడ.

"రీఫర్బిష్డ్" అన్నాను.

ఆమె దాని నెత్తిన వేలితో ఒక గీత గీసి, ఆ వేలు నా కళ్ల ముందు పెట్టింది. ఏమీ అనలేదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది కదా. 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే చిప్పు ఉండాలి, అది మేలుకొని ఉండాలి. మా డబ్బాలో చిప్పు ఉంది. పాత ఆఫీసు వాళ్లు దాన్ని కనపడకుండా దాచిపెట్టారు. దాన్ని లేపాలంటే విండోస్ రాకముందే సెటప్‌లోకి దూరాలి. అదే, అందరం బయోస్ అంటామే, అది. ఇప్పుడు దాని పేరు యూఈఎఫ్ఐ అయింది కానీ నా నోరు తిరగదు, మీ నోరూ తిరిగి ఉండదు.

ఆన్ చేయగానే ఒక మీట టకటకా కొట్టాలి. హెచ్‌పీ అయితే ఎఫ్10, డెల్ అయితే ఎఫ్2, లెనోవో ఆఫీసు డబ్బాలకు ఎక్కువగా ఎఫ్1, వీధి చివర షాపులో బిగించి ఇచ్చినవాటికి డిలీట్. ఇంత తెలుసు. తెలియనిదల్లా, కళ్లజోడు సర్దుకొని మీట వెతుక్కునేదాకా అది మన కోసం ఆగదని. నేను కొట్టేలోపు విండోస్ వచ్చి నమస్కారం పెట్టేది. మళ్లీ ఆపడం, మళ్లీ ఆన్ చేయడం. మా ఆవిడ బియ్యం చాట పట్టుకొని అటు పోతూ, "ఆ వేలేదో ముందే మీట మీద పెట్టుకొని ఆన్ చెయ్యరాదుండ్రి" అంది. పెట్టుకున్నాను. వచ్చింది.

ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి ఫోన్లోంచి తల ఎత్తకుండా, "షిఫ్ట్ నొక్కి పట్టుకొని రీస్టార్ట్ కొడితే అదే దారి చూపిస్తది కదా డాడీ" అంది. ఈ ముక్క ముందే చెప్తే దాని సొమ్మేం పోయింది?

సెటప్ తెర చూశాక నాకు పూనకం వచ్చింది. ఇల్లాలిని పిలిచి ఉపన్యాసం మొదలుపెట్టాను. బయోస్ అనే పేరు పెట్టింది గ్యారీ కిల్డాల్, 1970లలో, తన సీపీ/ఎం సిస్టమ్ కోసం. గొప్ప మేధావి. ఇంత చెప్పి ఊరుకోక, ఆయన కంపెనీ వ్యవహారాలు, ఒప్పందాలు ఆయన భార్య డొరొతి చూసుకునేదనీ, 1980లో ఐబీఎం వాళ్లు వస్తే ముందు మాట్లాడింది ఆమేననీ కూడా చెప్పేశాను.

"అయితే అమెరికాల గూడ ఇంతేనన్నట్టు" అని ఆమె పొయ్యి మీది పప్పు చూసుకోవడానికి పోయింది.

ఆఫీసు డబ్బాల సెటప్‌లో ఓనర్‌షిప్ ట్యాగ్ అని ఒక గడి ఉంటుంది. కంపెనీ తన పేరు రాసుకోవడానికి. అందులో నా పేరు కొట్టాను, ఇంటిపేరుతో సహా, వెనక బీకాం కూడా తగిలించి. ఆన్ చేసినప్పుడల్లా ఆ పేరు తెర మీద మెరుస్తుంటే ఏదో పట్టాభిషేకం జరిగినట్టే ఉండేది. మా ఆవిడకు చూపించాను. "కరెంటు బిల్లు గూడ ఈ పేరు మీదనే వస్తది. ఆఖరు తారీఖు యాదికుండేది ఎవరికి?" అంది. ఆ పూట మళ్లీ ఆన్ చేయబుద్ధి కాలేదు.

రాజ్యం అన్నాక కోట ఉండాలి కదా, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కూడా పెట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. 'కరెంటు పోయి వస్తే ఏం చేయాలి' అనే మరో సెట్టింగు కంటపడింది. ఆఫ్‌లోనే ఉండాలా, ఆన్ కావాలా, మునుపు ఎట్లా ఉంటే అట్లానే ఉండాలా. దూరంలో ఉన్న సర్వర్లను కరెంటు రాగానే వాటంతట అవే లేపడానికి పనికొచ్చే ఏర్పాటు అది. ముందు గదిలో ఉన్న నా డబ్బాకూ ఆ హోదా ఇచ్చి 'ఆన్' అని పెట్టాను.

మే నెల. ఈదురుగాలికి రాత్రి కరెంటు పోయింది, మా చిన్న యూపీఎస్ కాసేపు కీచుమని అదీ పడుకుంది. అర్ధరాత్రి దాటాక కరెంటు వచ్చింది. ముందు గదిలో ఒక్కసారిగా బుస్సున శబ్దం, తలుపు సందులోంచి నీలం వెలుగు, ప్రింటర్ గరగరలు. మా ఆవిడ నన్ను లేపి, "ఎవడో సొచ్చిండు, లేవుండ్రి" అని టార్చి చేతికిచ్చింది. చూసి రమ్మని నన్ను ముందుకు తోసి తను మంచం దిగలేదు. పోయి చూస్తే తెర మీద నా పేరే, బీకాంతో సహా.

సంగతి చెప్తే ఆమె సగం నిద్రలోనే తీర్పిచ్చింది. "ఆ ఫ్యాను చూడరాదుండ్రి. కరెంటు పోకముందు తిరిగితే, వచ్చినంక తిరుగుతది. బంద్ చేసి ఉంటే బందే ఉంటది. గంత తెలివి మీ డబ్బాకు లేదా?" ఉంది. మూడో ఆప్షనే అది. పొద్దున లేచి మార్చబోతే అప్పటికే మార్చి ఉంది. పాస్‌వర్డ్ ఎట్లా తెలిసిందని మా అమ్మాయిని నిలదీశాను. "నీ పేరే పెట్టుకుంటవని తెల్వదా డాడీ" అంది.

ఒకసారి గడియారం వెనక్కి పోయింది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అని మూడు వోల్టుల బటన్ సెల్ ఉంటుంది, డబ్బాకు కరెంటు లేనప్పుడు తారీఖును కాపాడేది అదే. అది చచ్చిపోతే కంప్యూటర్ ఏ పాత సంవత్సరంలోనో లేస్తుంది, సైట్ల సర్టిఫికెట్లు చెల్లవంటుంది, పోర్టల్ తెరవదు. నేను చౌరస్తాకు బయల్దేరబోతుంటే మా ఆవిడ బరువు చూసుకునే మిషన్ వెనక మూత తీసి సెల్ చేతిలో పెట్టింది. అదే నంబరు. "దాని మీదికి మీరెట్లాగూ ఎక్కరుగదా" అంది.

అసలు దెబ్బ వేరే ఉంది. 3బి రిటర్నుకు గడువు 20వ తారీఖు. 19 సాయంత్రం ఒక అడ్తిదారు కుర్చీలో ఉండగా, నా సెక్యూరిటీ ఎంత గట్టిదో చూపించాలని సెటప్ తెరిచాను. టీపీఎంను దాచి చూపించాను, సెక్యూర్ బూట్ తీసి చూపించాను. బయటికి వచ్చేటప్పుడు 'సేవ్' కొట్టాను. డబ్బా మళ్లీ లేచి, నీలం తెర పరిచి, డిస్కుకు విండోస్ వేసిన తాళం, అదే బిట్‌లాకర్, దాని రికవరీ కీ చెప్పమంది. నలభై ఎనిమిది అంకెలు. తన అడుగున ఎవరో ఏదో కదిపారని దానికి అనుమానం వస్తే అట్లాగే అడుగుతుంది, అది దాని ధర్మం. అడ్తిదారు ఫోన్ వచ్చినట్టు బయటికి పోయాడు.

మా ఆవిడ బీరువా తీసి, పట్టుచీరల కింద ఎల్ఐసీ బాండ్ల సంచిలోంచి మడిచిన కాగితం తెచ్చింది. 11 ఎక్కించిన రోజునే మా అమ్మాయి ప్రింటు తీసి తల్లికి ఇచ్చిందట. నాకెందుకు ఇవ్వలేదని అడిగాను.

"మీకిస్తే దాని ఎనక పాల లెక్క రాస్తరని" అంది.

ఆమె చదువుతుంటే నేను కొట్టాను, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది ముక్కలు. ఒక్కో ముక్క పదకొండుతో శేషం లేకుండా భాగమవ్వాలట, అందుకని ఒక అంకె తప్పు కొడితే చివరిదాకా ఆగకుండా ఆ ముక్క దగ్గరే పట్టేస్తుంది. ఈ పద్ధతి నాకు కొత్త కాదు, పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నదే.

రిటర్ను 20న మధ్యాహ్నం వేశాను. మీరెవరైనా సెటప్ జోలికి పోయేట్టుంటే ముందు విండోస్‌లో బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసుకోండి. రికవరీ కీ కాగితం ఇల్లాలి దగ్గర ఉంటే భయం లేదు. మీ దగ్గరే ఉందంటారా, ఎక్కడుందో ఒక్కసారి లోపలికి పోయి చూసి రండి. నేనిక్కడే ఉంటాను.