అనువాదం కాదు, అనుసరణ కాదు, అచ్చూ కాదు

దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ, అల్లు రామలింగయ్య పుట్టిన ఊరు మాది. పాలకొల్లులో టీ కొట్టు దగ్గర నిలబడ్డ ప్రతివాడి దగ్గరా ఓ కథ ఉంటుంది. ఉగాదికో సంక్రాంతికో పోటీ ప్రకటిస్తే ఆ కథ బయల్దేరి వెళ్తుంది. వెళ్ళి ఏమవుతుందంటే, ‘మా ప్రమాణాలకు’ సరిపోకుండా పోతుంది. ఆ ప్రమాణాలను కళ్ళారా చూసినవాళ్ళు మా ఊళ్ళో ఇంతవరకు లేరు. నియమావళిని మాత్రం అందరం చూశాం. కథ 1,500 పదాలు మించరాదు. సందేశం ఉండాలి. ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, అనుకరణ కాదు, మరెక్కడా అచ్చు కాలేదు, వాట్సాప్‌లో కూడా పెట్టలేదు అని హామీ పత్రం జతచేయాలి. తుది నిర్ణయం మాదే. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు.

ఇంత పవిత్రమైన నియమావళిని కొత్తవాళ్ళ మీదే ప్రయోగించడం అన్యాయం. పెద్దలు మాత్రం ఎందుకు తప్పించుకోవాలి? ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో బైబిలునూ ఒడిస్సీనీ ప్రచురణ సంస్థకు వచ్చిన రాతప్రతులుగా లెక్కగట్టి, ఒక్కోదాన్నీ వంకలు పెట్టి తిప్పి పంపాడు. మన గోదావరి తీరం నుంచి వచ్చినవి మనం తిరగేద్దాం.

శ్రీ నన్నయభట్టు గారికి, రాజమహేంద్రవరం. మీ ‘భారతం’ అందింది, కృతజ్ఞతలు. మూలం వ్యాసుల వారిదని మీరే ఒప్పుకుంటున్నారు కనుక హామీ పత్రంలో మొదటి మాటకే మీరు అనర్హులు. అయినా ఉదారంగా చదివాం. అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. తరువాయి పంపమని అడుగుదామనుకుంటుండగా నెల్లూరు నుంచి తిక్కన అనే వారు విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పంపారు. మధ్యలో ఖాళీ ఏమిటని విచారిస్తే, దాన్ని ఎర్రన అనే మూడో వ్యక్తి పూరిస్తారని తెలిసింది. ముగ్గురికీ కలిపి సుమారు మూడు శతాబ్దాలు పట్టింది. మా గడువు నెలాఖరు. పైగా పారితోషికం ఎవరి ఖాతాలో వేయాలో మా అకౌంట్స్ విభాగానికి అంతుబట్టడం లేదు. ఇది మీ ప్రతిభపై తీర్పు కాదని గ్రహించగలరు.

అదే ఊరి కందుకూరి వీరేశలింగం గారికి ఇంత పొడుగు ఉత్తరం అక్కర్లేదు. ‘రాజశేఖర చరిత్రము’కు గోల్డ్‌స్మిత్ నవల ప్రేరణ అన్నారు కాబట్టి అనుసరణ కింద కొట్టేశాం. అప్పటికే ‘వివేకవర్ధని’లో వచ్చేసింది కాబట్టి ఇంకోసారి కొట్టేశాం. అయితే ఆ ‘వివేకవర్ధని’ ఆయన సొంత పత్రిక! 1874లోనే పెట్టుకున్నారు. తిరుగు టపా బాధ తప్పించుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన మార్గం ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు.

శ్రీ మొక్కపాటి నరసింహశాస్త్రి గారికి. మీ ‘బారిస్టర్ పార్వతీశం’ మా పరిశీలక బృందాన్ని నవ్వించింది. అదే చిక్కు. సందేశం ఎక్కడుందో వెతికాం, దొరకలేదు. కథానాయకుడు తనను తానే వెక్కిరించుకుంటుంటే యువతకు స్ఫూర్తి ఎలా కలుగుతుంది? విదేశాలకు వెళ్ళే కుర్రాణ్ణి హైదరాబాదు నుంచి బయల్దేరదీస్తే పాఠకులు తమనుతాము చూసుకుంటారు. మీరు మొగల్తూరు నుంచి తీశారు. నరసాపురం దాటితే వచ్చే ఆ ఊరి పేరు మావాళ్ళెవరూ వినలేదు. మొగల్తూరు కుర్రాడు దేశం మొత్తానికీ తెలిసిపోతాడంటే నమ్మశక్యంగా లేదు.

(మొదటి భాగం 1924 నాటిది. ఆ మొగల్తూరు సినిమా హీరోల్లో కృష్ణంరాజు పుట్టింది 1940లో, చిరంజీవి పుట్టింది 1955లో. సంపాదకుణ్ణి తప్పు పట్టలేం.)

పశ్చిమ గోదావరి జిల్లా తిరుపతిపురంలో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు గారికి మరింత సున్నితంగా చెప్పాల్సి వచ్చింది. ‘గాలివాన’లో బిచ్చగత్తె చేత పర్సు తీయించారు, ఒక వర్గం మనోభావాలు దెబ్బతింటాయి. పెద్దమనిషి తన సిద్ధాంతాలు వదులుకున్నాడు, ఇంకో వర్గం మనోభావాలు దెబ్బతింటాయి. ముగింపులో ఆశావహ దృక్పథం లేదు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో దీనికి రెండో బహుమతి వచ్చింది నిజమే. వాళ్ళు మన నియమావళి చదవలేదు.

విశ్వనాథ ‘వేయి పడగలు’కు పదాల లెక్క వేసే ఓపిక మాకు లేదు, తూకం వేసి పంపేశాం. ఆయనతో పాటు ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలా బహుమతి పంచుకున్న భీమవరం వారైన అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’ కూడా అదే సంచిలో వెళ్ళింది. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ విషయంలో మాకు ఏ పాపమూ లేదు. చలం 1940లో యోగ్యతాపత్రం రాసిచ్చినా పుస్తకం 1950 దాకా బయటికి రాలేదు. మేం పెట్టగల ఆలస్యం కంటే అదే ఎక్కువ.

నవ్వులాటకు రాసినా ఈ ఉత్తరాల్లో ఒక సుగుణం ఉంది. ప్రతిదానిలోనూ కారణం ఉంది. పిచ్చి కారణమే కావచ్చు, కారణమంటూ ఉంది. టి. ఎస్. ఎలియట్ 1944లో ఫేబర్ సంస్థ తరఫున జార్జ్ ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’ను తిప్పి పంపాడు. ఆ పందులు తెలివైనవే కదా, కావలసిందల్లా ఇంకాస్త ప్రజాహితం కోరే పందులే అన్న అర్థం వచ్చేట్టు ఆర్వెల్‌కు నచ్చజెప్పాడు. ప్రపంచం ఇవాళ్టికీ ఆ ఉత్తరం చూసి నవ్వుతోంది. కాని అక్కడ ఒక సంపాదకుడు రాతప్రతి పూర్తిగా చదివాడు, ఆలోచించాడు, సంతకం పెట్టాడు. పప్పులో కాలేయడానికైనా ముందు చదవాలి కదా.

ఇప్పుడు మనకు ఆ తప్పు కూడా దక్కడం లేదు. ‘మూడు నెలల్లో సమాచారం రాకపోతే స్వీకరించనట్టు భావించండి’ అని ముందే చెప్పేసి తలుపేసుకుంటున్నారు. అంటే తిరస్కరించే శ్రమ కూడా రచయితదే. మా ఊరి కొబ్బరి మార్కెట్లో కాయ ఏరి పక్కన పడేసేవాడు కూడా ‘నీళ్ళు లేవండీ’, ‘కుళ్ళిందండీ’ అని ఓ మాట అని పడేస్తాడు. నెలలు కూర్చుని రాసిన కథకు ఆ మాత్రం మర్యాద దక్కదు. పైగా దీనికి ‘ప్రమాణాలు’ అని పేరు.

సంపాదక మహాశయులారా, అచ్చు వేయమని అడగడం లేదు. కాదన్న ప్రతి కథకూ ఒక్క వాక్యం రాయండి. ‘రెండో పేజీలో నిద్ర వచ్చింది’ అని రాసినా సరే, రెండో పేజీ దాకా వచ్చారని సంతోషిస్తాం. ఈమెయిల్‌కు తిరుగు స్టాంపులు కూడా అక్కర్లేదు.