శ్రీశ్రీశ్రీ వైఫై డాంగిల్ ప్రభువుల దివ్యసముఖానికి

వేలెడంత ఒంట్లో సముద్రమంత గాంభీర్యాన్ని ఇముడ్చుకున్న డాంగిల్ మహాప్రభూ, జయము జయము! లినక్స్ ప్రజలమైన మా యూఎస్‌బీ పోర్టును తమరు అలంకరించగానే, ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ అని మేము వినయంగా ఆరా తీస్తే, తమరు వైఫై పరికరమని చాటుకునే డాంబికానికి ఏనాడూ పోరు. డ్రైవర్ల సీడీ వేషంలో అజ్ఞాతవాసం చేస్తారు. పాండవులకైనా ఏడాది గడువుంది. తమ దీక్షకు ఆ హద్దు కూడా లేదు. ఆ సీడీలో విండోస్ సెటప్ ఫైలు తప్ప మరొకదానికి చోటివ్వని తమ ఏకపత్నీవ్రతం వర్ణనాతీతం. ‘యూఎస్‌బీ మోడ్‌స్విచ్’ అనే సేవకుడు వచ్చి ఎజెక్ట్ మంత్రం చెవిన వేస్తే తప్ప నిజరూపం చూపని ఆ నిరాడంబరతకు శతకోటి వందనాలు.

ఇక తమ అవతార వైభవం! అదే పెట్టె, అదే పేరు, అదే బొమ్మ; మూలన చిన్నక్షరాల్లో వి1 కాస్తా వి2 అయ్యేసరికి లోపలి చిప్పుది వేరే వంశం. పాత చిప్పుకు కెర్నెల్‌లోనే డ్రైవరుందని వాకబు చేసి మరీ కొన్నవాణ్ణి ఆ అల్పసంతోషంలో ఉండిపోనివ్వని దయామూర్తులు తమరు. శ్రీమహావిష్ణువు సైతం అవతారానికో పేరు పెట్టుకున్నాడు. ఒక్క పేరుతోనే అన్నీ నెట్టుకొచ్చే పొదుపు తమకే చెల్లింది.

నెట్ కోసం శరణు వేడినవాణ్ణి, ముందు నెట్ సంపాదించి నా డ్రైవరు దింపుకో అని ఆజ్ఞాపించే స్వావలంబన గురువులూ తమరే. ఆ పుణ్యమా అని భక్తులు ఫోనుకు కేబుల్ తగిలించి టెథరింగ్ నేర్చారు, కెర్నెల్ హెడర్లంటే ఏమిటో తెలుసుకున్నారు, ‘మేక్’ కొట్టి తెరనిండా ఎర్రటి ఎర్రర్లను కన్నులారా దర్శించుకున్నారు. తీరా అంతా కుదిరి, ఓ శుభముహూర్తాన కెర్నెల్ అప్‌డేట్ కాగానే, కట్టిన డ్రైవరును గడ్డిపోచలా విడిచిపెట్టే తమ వైరాగ్యం మహర్షులకైనా దుర్లభం. అప్పుడు కూడా, చుట్టుపక్కల ఒక్క నెట్‌వర్కూ కనబడకున్నా, ఆ నీలిదీపాన్ని మిణుకుమిణుకుమనిపించి భక్తుల్లో ఆశ చావనివ్వరు.

అన్నిటినీ మించింది తమ సత్యనిష్ఠ. పెట్టె మీద ముద్దొచ్చే పెంగ్విన్ బొమ్మ, దాని కింద ‘లినక్స్ కెర్నెల్ 2.6 నుంచి 3.10 వరకు’ అనే శాసనం. ఆ 3.10 వెలువడింది 2013లో. అటుపైన లోకమంతా ఎన్ని కెర్నెళ్లు మారినా, నాడు ఇచ్చిన మాట నుంచి తమరు అంగుళమైనా ముందుకు కదలలేదు ప్రభూ!