మంటల మధ్య ఎదిగిన పైన్

ఇది ఒక పైన్ చెట్టు కథ. మధ్య అమెరికాలో, బెలీజ్ దేశపు దక్షిణ తీరాన ఉన్న పేన్స్ క్రీక్ జాతీయ వనం దాని పుట్టిల్లు. పైన్ అనగానే చలికొండలు గుర్తొస్తాయి కదా! ఇది మాత్రం సముద్రానికి దగ్గర్లో, ఉక్కపోతలో, గడ్డి మైదానంలో పుట్టింది. శాస్త్రవేత్తలు దీన్ని పైనస్ కరిబియా అంటారు.

వానలు దండిగా కురిసే చోట వెడల్పాకుల అడవి ఎందుకు కమ్ముకోలేదు? నేల వల్ల. ఇసుక కలిసిన ఆమ్ల నేల, సారం తక్కువ. వానల్లో నీళ్లు నిలుస్తాయి, వేసవిలో నేల ఎండిపోతుంది. ఈ చెట్టు వేళ్లను అల్లుకున్న శిలీంధ్రాలే దానికి భాస్వరం అందిస్తాయి. ప్యూర్టోరికోలో నాటిన పైన్ మొక్కలు 1950లలో శిలీంధ్రాలున్న మట్టి కలిపాకే నిలదొక్కుకున్నాయి.

రెండో కారణం మంట. రెక్కలున్న గింజగా ఎగిరొచ్చి, గడ్డి కాలిపోయిన బోడి నేల మీద పడబట్టే ఈ చెట్టు మొలిచింది. మరుసటేడే మళ్లీ నిప్పంటుకుని ఉంటే అక్కడితో సరి. అదృష్టవశాత్తూ కొన్నేళ్లు మంట రాలేదు, బెరడు దళసరి అయింది. అటుపైన ఎన్ని మంటలొచ్చినా బెరడు పెచ్చులు మాడి రాలాయే తప్ప, లోపలి పచ్చి పొరకు సెగ తగల్లేదు. కొన్ని మంటలు పిడుగులవి. చాలావరకు మనుషులవి, లేత గడ్డికి జింకలొస్తాయని వేటగాళ్లు పెట్టేవి. ఏటా కాలిస్తే పిల్లచెట్లు మిగలవు. అసలే కాలకపోతే ఎండుగడ్డి పేరుకుని, ఒకనాటి మంట కొమ్మలకెక్కుతుంది. అందుకే వనం సిబ్బంది గాలి, తేమ చూసుకుని, అదుపులో ఉండే చిన్న మంటలు తామే పెడతారు. ఈ పని చేసేవాళ్లంటే చెట్టుకు ఎంతో గౌరవం.

2001 అక్టోబరు 8 రాత్రి ఐరిస్ తుపాను పక్కనున్న మంకీ రివర్ ఊరిని నేలమట్టం చేసింది. ఈ చెట్టు తల విరిగింది. గాయం పుచ్చింది, వడ్రంగిపిట్ట తొలిచింది, తొర్ర పడింది.

ఆ తొర్రలోకి పసుపుతల చిలుకల జంట వచ్చింది. ఆడది చెక్కపొడి మీద గుడ్లు పెట్టి పొదుగుతుంటే మగది మేత తెచ్చేది. ప్రపంచమంతటా అంతరించే ముప్పులో ఉన్న జాతి ఇది. మాటలు నేర్చే చిలుక కదా, దాని పిల్లల్ని కొందరు ఎత్తుకెళ్లి అమ్ముకుంటారు. ఎక్కడం కుదరకపోతే చెట్టునే నరుకుతారు. అలా నరికితే ఆ ఏటి పిల్లలతోపాటు వచ్చే ఏళ్ల గూడు కూడా పోతుంది. తొర్ర పట్టేంత లావు కావడానికి పైన్‌కు దశాబ్దాలు కావాలి.

ఇప్పుడు దీని మొదట్లో మోకాలెత్తు పిల్లపైన్లు లేచాయి. బెరడు ముదిరేదాకా వాటి జోలికి నిప్పు రానివ్వొద్దని ఈ చెట్టు కోరుతోంది.