కట్టప్ప సాక్ష్యం చెల్లదు

విశాఖ వన్ టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర టీ కొట్లో ఎవరైనా సినిమా కథ ఎత్తుకునే ముందు ఒకసారి బల్ల చివర చూసుకోవడం మంచిది. అక్కడ టాలీ తాతగారు లేకపోతే కథ సాఫీగా నడుస్తుంది. ఉన్నారా, ఇక అది కథ కాదు, విచారణ.

సినిమాలకి వంకలు పెట్టేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. మనిషి తాటిచెట్టు మీంచి కోటలోకి ఎగరడమేమిటని వాళ్ళ గొడవ. మన తాతగారికి ఆ పేచీ లేదు. తాటిచెట్టు ఎగరేస్తే ఎగరేసింది. ఎద్దుల కొమ్ములకి నిప్పు పెడితే పెట్టారు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందన్నా, "ఎక్కడో ఓచోట ఉండాలి కదా" అనేస్తారు. ఆయన అడిగేది ఒక్కటే: "ఇదంతా సెప్తున్నదెవడు? ఆయేళ ఆడక్కడున్నాడా?"

ఈ అలవాటు ఆయనకి ఓడరేవులో పట్టుకుంది. 1933లో తెరిచిన మన రేవులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఓడలోంచి బస్తాలు దిగుతుంటే ఓడ తరఫున ఒకడు, ఒడ్డు తరఫున ఒకడు ఎవరికి వారే లెక్క రాసుకుంటారు. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీద అడ్డంగా. చివరికి రెండు లెక్కలూ కలవాలి. కలవకపోతే సంతకం లేదు. ఒక్కడి లెక్క లెక్క కాదన్న సూత్రాన్ని ఆయన రిటైరైన రోజున, చెవి మీది పెన్సిలుతో సహా ఇంటికి తెచ్చేసుకున్నారు.

2015 జూలై 10న ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చింది. బాహుబలిని చంపింది తానేనని కట్టప్ప ఒప్పుకున్నచోట కథ ఆగింది. ఎందుకు చంపాడో తెలియక దేశమంతా దాదాపు రెండేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకుంది. తాతగారికి ఆ ప్రశ్నే నచ్చలేదు. "సంపేనన్నాడు, బాగానే ఉంది. అంతకుముందు సెప్పిందంతా నిజమేనని పూచీ ఎవడు?"

2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చాక మనవణ్ణి వెంటేసుకుని వెళ్ళారు. మర్నాడు టీ కొట్లో పేపరు అంచు మీద లెక్క మొదలైంది. కట్టప్ప తాను చూడనిది చూసినట్టు చెప్పిన ప్రతిచోటా ఒక గీత.

"బిజ్జలదేవుడూ కొడుకూ కలిసి కుట్ర పన్నేరు. ఆ గదిలో కట్టప్ప ఉన్నాడేటి?"

"లేడు తాతయ్యా. కానీ తర్వాత భల్లాలదేవుడే వాడి ముందు వాగేశాడు కదా."

"అయితే అది విన్నమాట. వేరే వరసలో రాయి."

"కుంతల రాజ్యంలో మాత్రం బాహుబలి పక్కనే ఉన్నాడు."

"అది కళ్ళారా చూసింది. ఒప్పుకున్నాను. కానీ అసలు సంగతి సూడు. సంపినోడే సచ్చినోడి కొడుక్కి కథ సెప్తున్నాడు. సంపమని ఆజ్ఞ ఇచ్చింది శివగామి అంటాడు. ఆవిడేది? పోయింది. తక్కువైన బస్తా ఎప్పుడూ సెలవులో ఉన్నోడి ఖాతాలోకే పోద్ది, నాన్నా!"

టీ కొట్టు గుంటల్లో ఒకడికి పౌరుషం వచ్చింది. "తాతా, అది కట్టప్ప చెప్పింది కాదు, డైరెక్టర్ చూపించింది."

"అయితే ఆ ముక్క ఓ బోర్డు మీద రాసి పెట్టొచ్చు కదా! అక్కడ దేవసేనుంది. పాతికేళ్ళు గొలుసుల్లో మగ్గిన మనిషి. ఆవిడ సేత కూడా ఇదే కథ సెప్పించి రెండు లెక్కలూ కలిపితే నేను సంతకం పెట్టేద్దును."

వెటకారంగా ఉన్నా అందులో న్యాయముంది. మన పాత కథకులు ఈ విషయంలో మహా జాగ్రత్తపరులు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు 12 భాగాలు. గోపకుమారుడికి మజిలీకో వింత చెప్పే మణిసిద్ధుడు ఆ కథల్లో ఎక్కడా లేడు. అయినా తాతగారు ఒక్క గీత గీయరు. జరిగినవన్నీ తెలిపే మణి ఆయన దగ్గరుందని దీక్షితులు గారు ముందే చెప్పేశారు మరి. సంజయుడికి వ్యాసుడిచ్చిన దివ్యదృష్టి ఉంది. బేతాళుడైతే కథ చెప్పి సందేహం కూడా తనే అడుగుతాడు కాబట్టి తాతగారికి సొంత మనిషి. పాపం, కట్టప్పకే మణీ లేదు, దృష్టీ లేదు. ఉన్నది కత్తి ఒక్కటే.

ఇంత నిక్కచ్చి మనిషీ డిసెంబరు నెల వచ్చేసరికి మారిపోతారు. 1971 డిసెంబరు 3 రాత్రి తెల్లారితే 4 అనగా, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గర మునిగిపోయింది. రాజ్‌పుత్ నౌక దెబ్బకని మన నేవీ మాట. తాను పెట్టిన మందుపాతరే పేలిందని అవతలివాళ్ళ మాట. ఏది నిజమో చెప్పడానికి లోపలివాళ్ళలో ఒక్కడూ మిగల్లేదు. ఆ లోటు వన్ టౌన్ పూడ్చేసింది. ఆ వయసువాళ్ళలో ఎవర్ని కదిపినా ఆ పేలుడు విన్నవాళ్ళే.

తాతగారూ విన్నారు. విని ఊరుకోలేదు. "కిటికీ అద్దాలు గలగలమన్నాయి. సముద్రం తాటిచెట్టంత లేచింది. లోపల కెప్టెను పెరిస్కోపు వదిలేసి ‘అయిపోయాం రా’ అన్నాడు…" మనవడు ఆయన చెవి మీది పెన్సిలు మెల్లగా లాగి పేపరు అంచున గీతలు పెడుతున్నాడు. ఐదోది అడ్డంగా పడింది.

ఆ సమయానికే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం చేసుకుని తాతగారి అక్కగారు వచ్చారు. మార్గశిర గురువారం క్యూలో నిలబడి వచ్చిన మనిషి, ఓపిక తక్కువ.

"ఏటిరా నువ్వు విన్నది? బాంబులు పడతాయని నాన్న మనల్ని ముందే అనకాపల్లి పంపీలేదూ? అమ్మమ్మ పక్కలో నువ్వో పక్క, నేనో పక్క. తెల్లారేదాకా గురక పెట్టేవు."

రెండో లెక్క వచ్చేసింది. టీ కొట్టంతా తాతగారి వైపు తిరిగింది. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"వన్ టౌన్‌లో పుట్టినోడికి అది కళ్ళారా సూసినట్టే. ఊరి సాక్ష్యం అంటారు దాన్ని."

"మరి కట్టప్ప మాహిష్మతి మనిషే కదా తాతయ్యా?" అన్నాడు మనవడు.

తాతగారు పెన్సిలు లాక్కుని మళ్ళీ చెవి మీద పెట్టుకున్నారు. "కాదన్నానేటి? కానీ ఆడికి ఇలాంటి అక్క లేదు. అందుకే సినిమా ఆడింది."